దీపం ఉండగానే... షాట్ ఓకే!

రోజుకి 24 గంటలూ చాలడం లేదని వాపోయే కుర్రకారుకి కాల్షీట్ చెప్పే కబుర్లు

పెళ్లి సీను మొదటి రోజున తీస్తారు. ప్రేమలో పడే సీను నెల్లాళ్ల తర్వాత తీస్తారు. నిన్న హీరోగారి శవం మీద పడి గుండెలవిసేలా ఏడ్చిన హీరోయిన్, ఇవాళ పొద్దున్నే అదే హీరోగారితో డ్యూయెట్ పాడుతూ ఉంటుంది. షూటింగు చూడ్డానికి వెళ్లిన వాళ్లకి మొదట్లో ఇదంతా గందరగోళంగా ఉంటుంది. "ఏమిటండీ ఈ తలకిందుల వ్యవహారం? కథ ప్రకారం వరసగా తీసుకుంటూ పోవచ్చు కదా?" అని అమాయకంగా అడిగేవాళ్లూ లేకపోలేదు.

పోవచ్చు... నిర్మాతగారి ఆస్తి హారతి కర్పూరం అయ్యేదాకా!

తెర మీద మనం చూసే రెండున్నర గంటల బొమ్మ వెనక ఓ పెద్ద లెక్క ఉంటుంది. ఏ సీను ముందు, ఏ సీను వెనక, ఎవరు ఎన్నింటికి మేకప్‌లో కూర్చోవాలి, ఎవర్ని ఎన్నింటికి ఇంటికి పంపెయ్యాలి... ఇవన్నీ ముందురోజు రాత్రే ఒక కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం పేరే కాల్షీట్. హీరోగారి ఫొటో గోడకి అంటించుకునే అభిమానులు, ఆ కాగితాన్ని కూడా ఒకసారి అంటించుకుని చూస్తే బాగుపడతారని నా నమ్మకం. ఎందుకంటారా? "టైము చాలడం లేదు" అనే మన నిత్య రోదనకి మందు అందులో ఉంది మరి.

మీరే అసోసియేట్ డైరెక్టరు!

ఊరికే చెబితే రుచించదు. ఒక చిన్న ఆట ఆడదాం.

గోదావరి ఒడ్డున ఓ పల్లెటూళ్లో ఔట్‌డోర్ షూటింగు. మీరే అసోసియేట్ డైరెక్టరు. రేపు ఒక్క రోజులో అయిదు పనులు పూర్తి కావాలి.

ఒకటి: గుడి ముందు పెళ్లి సందడి. హీరో, హీరోయిన్, హీరో తండ్రి, ఎనభై మంది జూనియర్ ఆర్టిస్టులు.

రెండు: సాయంత్రం గోదావరి గట్టు మీద హీరో హీరోయిన్లు విడిపోయే ఘట్టం. వెనకాల సూర్యుడు నీళ్లలోకి దిగిపోతూ ఉండాలి. సినిమాకి ప్రాణం ఈ సీనే.

మూడు: ఇంట్లో తల్లీకొడుకుల గొడవ. నాలుగ్గోడల మధ్య సీను. కిటికీలు మూసేస్తే వెలుతురు మన లైట్లదే.

నాలుగు: అరుగు మీద తాతయ్య, అయిదేళ్ల మనవరాలు కబుర్లు చెప్పుకోవడం. ఈ తాతయ్య ఎవరో కాదు, హీరో తండ్రి వేషం వేసిన నటుడే. ఆయన మధ్యాహ్నం రెండింటికల్లా బయల్దేరిపోవాలి. ఎల్లుండి నుంచి వేరే కంపెనీకి డేట్స్ ఇచ్చేశారు.

అయిదు: హీరో సైకిలెక్కి సందులోంచి వెళ్లిపోయే చిన్న బిట్టు.

ఇప్పుడు చెప్పండి... ఏది ముందు తీస్తారు?

"ప్రాణం లాంటిది రెండో సీను అన్నారుగా, దాంతోనే మొదలెడతాం" అన్నవాళ్లు పొద్దున్న ఏడింటికి గట్టెక్కి, సూర్యుడు అస్తమించేదాకా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చోవాలి. "తేలిగ్గా అయిపోయేది సైకిలు బిట్టు, అది లాగించేద్దాం" అన్నవాళ్ల సంగతి మరీ దారుణం. అది అరగంటలో అయిపోతుంది నిజమే, కానీ ఆ అరగంటా అక్కడ ఎనభై మంది జూనియర్ ఆర్టిస్టులు టిఫిన్లు కానిచ్చి, మేకప్ వేసుకుని, ఊరికే కూర్చుని ఉంటారు.

తలపండిన అసోసియేట్ ఏం చేస్తాడో చూడండి. పొద్దున్న ఏడింటికి, ఎండ ఇంకా మెత్తగా ఉండగానే, పెళ్లి సందడి మొదలెడతాడు. అందులోనూ ముందు జనమంతా కనిపించే పెద్ద షాట్లు తీసేస్తాడు. అవి అయిపోతే వెనక వరసల్లో వాళ్లని ఒక్కొక్క గుంపుగా పంపించెయ్యొచ్చు. ఆ వెంటనే తండ్రి, కొడుకు, కోడలు కలిసి కనిపించే కాంబినేషన్ షాట్లు. ఆ తర్వాత తండ్రి క్లోజప్పులు. హీరో క్లోజప్పులు? అవి తర్వాతయినా తీసుకోవచ్చు, హీరో ఇక్కడే ఉంటాడుగా! ఎదుటివాడి భుజం మాత్రం కనిపించాల్సిన సజెషన్ షాట్ కావాలంటే, అదే పంచె, అదే కండువా కట్టించి మరొకర్ని నిలబెట్టి లాగించెయ్యొచ్చు.

అక్కణ్ణించి అరుగు మీదికి. పాప ఇంకా హుషారుగా ఉంది, నిద్ర ముంచుకు రాలేదు. ఇందులో మంచితనమే కాదు, చట్టం కూడా ఉంది. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకి అయిదు గంటలకు మించి నటింపజెయ్యకూడదు, విశ్రాంతి లేకుండా ఏకబిగిన మూడు గంటలు దాటకూడదు. కాబట్టి తాతయ్యా మనవరాలూ భోజనాల వేళకే ఖాళీ.

మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తి మీద ఉంటుంది. కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడి అందమైన మొహాలు కూడా ఆముదం తాగినట్టు కనిపిస్తాయి. అందుకని ఆ వేళకి ఇంట్లోకి దూరిపోతారు. తల్లీకొడుకుల గొడవ అప్పుడు. పొద్దున్నే వాన ముంచుకొచ్చినా ఈ సీనే ఆదుకుంటుంది. యూనిట్టు మొత్తం లోపలికి పరిగెత్తి అది మొదలెట్టేస్తుంది, రోజు పాడు కాదు.

నాలుగింటికల్లా అంతా గట్టు మీద ఉంటారు. కెమెరా బిగించడం, రిహార్సళ్లు, హీరోయిన్ ఎన్నడుగులు వెయ్యాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి... సూర్యుడు దిగడానికి ముందే అన్నీ సిద్ధం. ఆ బంగారపు వెలుగు ఉండేది కాసేపే. దానికోసం పొద్దుట్నుంచీ వంద మంది శ్రమపడ్డారు.

సైకిలు బిట్టు? కెమెరా గట్టు మీదికి వెళ్లే దారిలో, ఏదో ఒక సందులో, పదిహేను నిమిషాల్లో లాగించేశారు!

ముందు చెయ్యడం వేరు... ముందు తలుచుకోవడం వేరు!

గమనించారా? సినిమాకి ప్రాణం లాంటి సీను ఆ రోజు అన్నింటికన్నా ఆఖరున తీశారు. అయినా ఆ రోజంతా దాని చుట్టూనే తిరిగింది. రాత్రి కాగితం మీద మొట్టమొదట రాసుకున్నది దాన్నే. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా గడులు దానికి కేటాయించాకే మిగతావాటి సంగతి ఆలోచించారు.

మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. ముఖ్యమైన పని అంటే పొద్దున్నే లేచి ముందు చెయ్యాల్సిన పని అనుకుంటాం. అదేం లేదు. ముఖ్యమైన పని అంటే మంచి వేళని ముందుగా దానికి రాసిపెట్టాల్సిన పని. అది తెల్లవారుజాము కావచ్చు, రాత్రి తొమ్మిది కావచ్చు. మీ బుర్ర ఏ వేళకి పాదరసంలా పరిగెడుతుందో మీకే తెలుసు. ఆ వేళని లెక్కలకో, అకౌంట్సుకో, కథ రాసుకోవడానికో ఇవ్వకుండా బట్టలు ఇస్త్రీ చెయ్యడానికి ఇచ్చారనుకోండి... సంధ్యవేళ బంగారు వెలుగులో సైకిలు బిట్టు తీసినట్టే!

ఇక గడియారం వరసలో ఏది ముందు అంటారా? దానికి కాల్షీట్ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు తియ్యకపోతే మళ్లీ దొరకనిది ఏది?" వెళ్లిపోయే నటుడు, దిగిపోయే సూర్యుడు, అలిసిపోయే పాప, అద్దె పెరిగిపోయే జనం. దొరకనివి ముందు, దొరికేవి వెనక. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దవాళ్లు ఒక్క ముక్కలో చెప్పిన మాట కూడా ఇదే కదండీ.

పరీక్ష ఫీజు కట్టడానికి ఇవాళే ఆఖరు తేదీ అయితే అది వెళ్లిపోయే నటుడు. బ్యాంకు కౌంటరు మూసేసే టైము దిగిపోయే సూర్యుడు. పుస్తకానికి అట్ట వేసుకోవడం మాత్రం ఎప్పుడైనా చేసుకోగలిగిన సైకిలు బిట్టు. విచిత్రం ఏమిటంటే మనం రోజూ ముందు అట్టలే వేస్తాం!

లైటు ఒకవైపు ఉండగానే...

సెట్టులో ఇంకో తమాషా ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకునే సీను మనం తెర మీద చూస్తాం. వాడొక మాట, వీడొక మాట, కెమెరా అటూ ఇటూ తిరిగిపోతున్నట్టుంటుంది. నిజానికి ఒకవైపు లైటింగు పెట్టాక, ఆ వైపు మొహం మీద పడే షాట్లన్నీ వరసగా తీసేస్తారు. అప్పుడు లైట్లన్నీ పీకి రెండో వైపు తిప్పుతారు. మాట మాటకీ లైట్లు మార్చుకుంటూ కూర్చుంటే సీను అయ్యేసరికి లైట్‌మేన్‌లు సెలవు పెట్టి వెళ్లిపోతారు.

మన రోజులో లైట్లు మార్చడం ఎన్నిసార్లు జరుగుతోందో లెక్కపెట్టుకున్నారా? పది నిమిషాలు చదువు, అయిదు నిమిషాలు ఫోను, లేచి బజారు, వచ్చి మళ్లీ చదువు, ఇంతలో ఫ్రెండ్ ఫోను, ఇంకోసారి బజారు... బుర్రలో లైట్లు తిప్పుకోవడానికే సగం రోజు సరి. బజారు పనులన్నీ ఒక్క చీటీలో రాసుకుని ఒక్క ట్రిప్పులో కానివ్వండి. చెయ్యాల్సిన ఫోన్లన్నీ ఒక్క అరగంటలో కానివ్వండి.

ఒకే రకం పని ఒక్క బిగిన చేస్తే మనిషి ఎంత దూరం వెళ్లగలడో చూడాలంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారి ఒక్క రోజు చాలు. 1981 ఫిబ్రవరి 8న బెంగుళూరులో, సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్ కోసం, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది లోపల ఆయన పాడిన కన్నడ పాటలు అక్షరాలా 21! మనం ఒక్క పాట సరిగ్గా వినడానికే మూడుసార్లు ఫోను చూసుకుంటున్నాం.

పండగ కదలదు

రోజు సంగతి సరే, నెలల తరబడి సాగే పనికి ఏమిటి దారి? దానికీ చిత్రసీమలో ఓ పాఠం ఉంది.

1977 సంక్రాంతి. నటరత్న ఎన్టీ రామారావుగారు తానే నిర్మాత, తానే దర్శకుడు అయి, కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు మూడు వేషాలూ తానే కట్టిన "దానవీరశూరకర్ణ" జనవరి 14న విడుదలైంది. అదే రోజున కృష్ణ అర్జునుడిగా నటించిన "కురుక్షేత్రం" కూడా విడుదలైంది. ఒకే భారతం, ఒకే పండగ, రెండు భారీ సినిమాలు. నాలుగు గంటలకు కాస్త తక్కువ నిడివి ఉన్న "దానవీరశూరకర్ణ" షూటింగు 43 పనిదినాల్లో ముగించారని ఇప్పటికీ చిత్రసీమలో గొప్పగా చెప్పుకుంటారు.

మూడు వేషాలంటే మాటలా? ప్రతి వేషానికీ మేకప్ వేరు, కిరీటం వేరు, నగలు వేరు, నడక వేరు. ఒకే మనిషి రెండు వేషాల్లో ఒకే తెర మీద కనబడాలంటే, ఆ రోజుల్లో ఫ్రేములో సగం కప్పి ఒక వేషం తియ్యాలి, కెమెరా వెంట్రుకవాసి కదలకుండా ఉంచి, ఫిల్ము వెనక్కి తిప్పి, వేషం మార్చుకొచ్చాక రెండో సగం తియ్యాలి. ఇలాంటి పనికి "ఎలా వీలైతే అలా చేద్దాం" అనే ధోరణి కుదరదు. సంక్రాంతి మన కోసం వాయిదా పడదు కాబట్టి, పండగ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ప్రింట్లు ఎప్పటికి రావాలి? రీ-రికార్డింగు ఎప్పటికి పూర్తవ్వాలి? డబ్బింగు? షూటింగు? అప్పుడు ఇవాళ ఏం చెయ్యాలో దానంతటదే తేలుతుంది.

మార్చిలో పరీక్షలు ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... మీ సంక్రాంతి మార్చిలో ఉంది. ఇవాళ్టి నుంచి ముందుకి లెక్కపెడితే బోలెడు రోజులు కనిపిస్తాయి. మార్చి నుంచి వెనక్కి లెక్కపెట్టి చూడండి, గుండె ఝల్లుమంటుంది. ఝల్లుమనడమే మంచిది!

ఎంత లెక్కేసినా విధి ఒక్కోసారి కాగితాన్ని చించేస్తుంది. కృష్ణగారి నూరవ చిత్రం "అల్లూరి సీతారామరాజు" నిర్మాణంలో ఉండగానే దర్శకుడు వి. రామచంద్రరావుగారు కన్నుమూశారు. అంతటి దెబ్బ తగిలినా పని ఆగలేదు. మిగిలిన పనిని విడదీసుకున్నారు. పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ తీస్తే, మిగతాది కృష్ణగారే భుజాన వేసుకుని పూర్తిచేశారు. దర్శకుడిగా తెర మీద పేరు మాత్రం రామచంద్రరావుగారిదే. 1974 మే 1న విడుదలై ఆ సినిమా ఎంతటి చరిత్ర సృష్టించిందో మీకు నేను చెప్పాలా? కాగితం చిరిగిపోయినప్పుడు కూర్చుని ఏడవడమా, మిగిలిన పనిని మళ్లీ ముక్కలుగా రాసుకోవడమా అన్నదే తేడా.

పది షాట్లలో ఏ మూడు?

మళ్లీ మన గోదావరి గట్టుకి వద్దాం. అయిదు గంటలు. డైరెక్టరుగారి దగ్గర విడిపోయే సీనుకి పది షాట్లు రాసుకున్న కాగితం ఉంది. అనుకోకుండా పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఉన్న వెలుగు ఇరవై నిమిషాలు. అసలు ప్రతిభ బయటపడేది అప్పుడే.

చేతకాని వాడు పది షాట్లూ గబగబా చుట్టేస్తాడు, పదీ పాడవుతాయి. లేదా వరసగా మొదటి షాటు నుంచి మొదలెడతాడు, నాలుగో షాటుకి చీకటి. చేయి తిరిగిన వాడు పెన్సిల్ తీసుకుని ఏడు షాట్లు కొట్టేస్తాడు. ఏ మూడు లేకపోతే సీను నిలబడదో అవి మాత్రం ఉంచుతాడు. ఇద్దరూ సూర్యుడూ ఉన్న పెద్ద షాటు ఒకటి, ఆమె వెనక్కి తిరిగి చూసే క్లోజప్పు ఒకటి, అతను ఒంటరిగా మిగిలిపోయే షాటు ఒకటి. అంతే. సినిమా చూసే మనకి ఆ ఏడూ లేవన్న సంగతే తెలియదు!

పనులకి వరస పెట్టడంలో కష్టమైన భాగం ఇదే. రాసుకోవడం తేలిక, కొట్టెయ్యడం కష్టం. ఏ పనినీ వదులుకోలేని వాడు అన్ని పనులూ సగంలో వదిలేస్తాడు. ఇవాళ చెయ్యాల్సినవి పన్నెండు రాసుకున్నారా? పడుకునేముందు ఏ మూడు కాకపోతే నిద్ర పట్టదో వాటి పక్కన ఓ చుక్క పెట్టండి. మిగతా తొమ్మిదీ అయితే బోనస్!

మేనేజరు లేని ఆర్టిస్టు

ఇంతసేపూ చెప్పని అసలు సంగతి ఒకటుంది.

ప్రతి పేరున్న నటుడికీ ఓ మేనేజరు ఉంటాడు. "మా సారుకి రెండింటికి వెళ్లాలండీ" అని ప్రొడక్షన్ మేనేజరు ప్రాణం తీస్తాడు. అందుకే ఆ నటుడి షాట్లు ముందు అవుతాయి. మన రోజులోనూ అంతే. ఆఫీసు పనికి బాసుగారు మేనేజరు. పాలూ కూరలకి అమ్మ మేనేజరు. కాలేజీ రికార్డుకి లెక్చరరు మేనేజరు. ఫ్రెండు పెళ్లికి ఫ్రెండే మేనేజరు. అందరూ వచ్చి మన కాల్షీట్లు పట్టుకుపోతారు.

కానీ మీ సొంత కల ఉంది చూశారూ... పాట నేర్చుకోవాలనో, గ్రూప్స్ రాయాలనో, ఓ కథ రాసి ఏ డైరెక్టరుకైనా వినిపించాలనో... ఆ పాపానికి మేనేజరు లేడు. అది నోరు తెరిచి అడగదు. మూల బెంచీ మీద మేకప్‌తో కూర్చుని, "నా షాటు ఎప్పుడండీ?" అని కూడా అనకుండా పొద్దు గూకేదాకా ఎదురుచూస్తుంది. ప్యాకప్ చెప్పాక మనం చూసి, "అయ్యో, రేపు తీద్దాంలే" అంటాం. ఆ రేపు అలా ఎన్నేళ్లు వెనక్కి జరుగుతుందో!

ఇంట్లో ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. తమ్ముడికి టిఫిను, నాన్నకి కాఫీ, అత్తయ్య వస్తే వంట... ఆమె రోజంతా ఇతరుల సినిమాలకే డేట్స్. చదువుకునే అక్కాచెల్లెళ్లున్న అన్నదమ్ములు ఓ గంట కాఫీ గ్లాసులు కడిగి పెడితే, అక్కడ ఒక పూర్తి కాల్షీట్ మిగులుతుంది బాబూ! ఈ ముక్క చదివి పేజీ తిప్పెయ్యకండి.

అందుకని ఆ మేనేజరు లేని ఆర్టిస్టుకి మీరే మేనేజరు కావాలి. రోజుకి ముప్పావుగంట చాలు. కానీ కాగితం మీద రాసి ఉండాలి. ఎవరైనా అడిగితే, "ఆ టైము ఇచ్చేశానండీ" అని మర్యాదగా చెప్పాలి. పెద్ద హీరోగారి డేట్స్ అంటే ఎంత గౌరవమో దానికీ అంత గౌరవం.

తాడు కట్టండి!

షూటింగు అనగానే చుట్టూ జనం మూగుతారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, సరదాగా చూద్దామని వచ్చినవాళ్లు. అయినా ఫ్రేములోకి వస్తే షాటు పోతుంది. అందుకే ప్రొడక్షన్ వాళ్లు తాడు కట్టి వాళ్లని అవతల ఉంచుతారు. మన చేతిలో ఉన్న సెల్‌ఫోను అచ్చం ఆ జనం లాంటిదే. ఒక రీలు చూద్దామని తెరిస్తే నలభై రీళ్లు తిరిగిపోతాయి. పాత రోజుల్లో నలభై రీళ్లంటే రెండు పెద్ద సినిమాలకి సరిపడా బొమ్మ! షాటు జరుగుతున్నంతసేపూ ఫోను తాడుకి అవతల, అంటే పక్క గదిలో ఉండాలి. బ్రేకులో చూసుకోవచ్చు, ఎవరూ కాదనరు. బ్రేకు లేని కాల్షీట్ కూడా మంచిది కాదు. అన్నం పెట్టని కంపెనీ సినిమా బాగుపడినట్టు నేనైతే ఎక్కడా వినలేదు.

ముడి ఫిల్ము దొరకడమే గగనమైన రోజులు పోయాయి. ఇప్పుడు డిజిటల్ కెమెరాలొచ్చి ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. కానీ సూర్యుడు మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే అస్తమిస్తున్నాడు. ఆయనకి రీటేకు లేదు.

సినిమా మొత్తం పూర్తయ్యాక గుమ్మడికాయ కొడతారు. ఆ రోజున ప్రొడక్షన్ మేనేజరు జాబితా చూసి, ఇంకా ఏవైనా ప్యాచ్ వర్క్ మిగిలిందా అని అడుగుతాడు. ఎప్పుడూ ఏదో కొంచెం మిగిలే ఉంటుంది. సైకిలు బిట్లు మిగిలితే ఫరవాలేదు, ఎవరూ పట్టించుకోరు. గోదావరి గట్టు మీది సీను మిగిలిపోకుండా చూసుకోవడమే మన పని.

సరే మరి, ఈ పత్రిక పక్కన పెట్టి ఓ తెల్లకాగితం తీసుకోండి. రేపటి కాల్షీట్ ఇవాళ రాత్రే వెయ్యాలి కదా!